ఫౌల్డ్స్ సంగీతము, మా యింటి హార్మణీ

మా కోరుకొండలో లక్ష్మీనరసింహస్వామివారి కొండ నిట్టనిలువుగా ఉండును. ఫాల్గుణమాసమున కల్యాణోత్సవములు జరుగు దినములలో ఆ కొండ మొదట నిలుచున్నవానికి తన ప్రక్కనున్న శబ్దము తప్ప వేరొకటి వినబడదు. బూరలమ్మువాని ప్రక్క నిలిచినచో బూర, భజనవారి ప్రక్క నిలిచినచో తాళములు, జీళ్ళ దుకాణము ప్రక్క నిలిచినచో బేరములు. అట్లుగాక సగము మెట్లు ఎక్కి, ఆయాసము తీరువరకు కూర్చుండి వినవలెను. అచ్చట సన్నాయి సన్నాయిగానే ఉండును, డోలు డోలుగానే ఉండును, తల్లి చేయి వదలిన పిల్లవాని ఏడ్పు ఏడ్పుగానే ఉండును. అయినను అన్నియు కలిసి ఒక్క తీర్థముగా చెవిని సోకును.

ఆ సగము కొండమీద కూర్చుండుట నాకు డెబ్బది యేండ్ల అలవాటు. పాశ్చాత్యుల వాద్యబృంద సంగీతమును వినవలసిన తీరు కూడ అదియే యని మాత్రము ఇటీవలనే తెలిసికొంటిని. తెలిపినది మా మనుమరాలు.

మొన్నటి సంక్రాంతికి ఆ పిల్ల విశాఖపట్టణమునుండి వచ్చినది. భోజనములైన పిదప నేను అరుగుమీద కూర్చుండి యుండగా, "తాతయ్యా, ఒక ఇంగ్లీషాయన మూడు మంత్రాలని పేరుపెట్టి సంగీతం రాశాడు. వింటావా?" అని తన ఫోనుకు చెందిన ఇయర్‌ఫోనులు నా చెవులలో పెట్టినది. మంత్రము లనగానే వేదపఠనమువంటి దేదో వినబడునని ఎదురుచూచితిని. వినబడినది పెనుగాలి. ఎన్నియో వాద్యములు ఒక్కసారిగా లేచి, ఒకదానిని ఒకటి తోసికొనుచు పరుగెత్తుచున్నట్లు తోచెను. రెండు నిమిషములకే తీసివేసి, "రాగం ఏదమ్మా? అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటే నేను ఎవరి మాట వినను?" అంటిని.

"తీర్థంలో అందరూ ఒక్కసారే మాట్లాడతారు కదా తాతయ్యా. అక్కడ నీకేం ఇబ్బంది లేదే!" అని ఆ పిల్ల నవ్వినది.

ఆ మాట నాలో నాటుకొనినది. అది మొదలు రాత్రిపూట ఒంటరిగా కూర్చుండి, ఆ సంగీతమును మరల మరల వినసాగితిని. ఆ వినికిడి నన్ను ఎచ్చటికి తీసికొనిపోయినదో పాఠకులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా రెండు సంగీతములకుగల భేదమును చెప్పవలెను. మన గాయకుడు ఒక రాగమును తీసికొని, తంబురా శ్రుతిపై నిలిచి, గమకములతో దానికి ప్రాణము పోయును. సభలో కూర్చున్నప్పుడే సగము కల్పించును. పాశ్చాత్య స్వరకర్త అట్లు గాదు. అతడు తన కల్పననంతయు ముందుగనే కాగితముపై వ్రాసి పెట్టును. పెద్ద వాద్యబృందమునకై, సాధారణముగా నాలుగు భాగములుగా వ్రాయబడు దీర్ఘకృతిని వారు సింఫొనీ యందురు. ఒక చిన్న స్వరసముదాయమును మొదట చెప్పి, దానిని విరిచి, త్రిప్పి, కొంత వయొలినులకు, కొంత పిల్లనగ్రోవులకు, కొంత ఇత్తడి బూరలకు పంచి, ఒకే సమయమున వేరువేరు మాటలు చెప్పించి, చివరకు అన్నిటిని ఒక్క చోటికి చేర్చుట అందలి విద్య. ఈ భేదమువలన ఇంకొక సంగతియు కలుగుచున్నది. మనలో మనిషి పోయిన సంగీతము పోవును; వారిలో కాగితము పోయిన సంగీతము పోవును.

నేను వినిన మంత్రముల కర్త జాన్ ఫౌల్డ్స్. ఎల్గార్, వాన్ విలియమ్స్ అను బ్రిటిష్ స్వరకర్తల పేర్లు ఎరిగినవారు కూడ ఈయన పేరు విని యుండకపోవచ్చును. 1880 నవంబరు 2వ తేదీన మాంచెస్టరు నగరమున పుట్టెను. తండ్రి ఆ నగరపు హాలే వాద్యబృందములో బసూన్ వాయించువాడు. 1900లో కుమారుడును అదే బృందములో చెల్లో వాద్యకుడుగా చేరెను. కుటుంబపోషణకై నాటకశాలలకు తేలిక సంగీతము వ్రాసెను. బెర్నార్డ్ షా 'సెయింట్ జోన్' నాటకమును 1924లో లండనులో ఆడినప్పుడు దానికి సంగీతము కూర్చినవాడు ఇతడే. మొదటి మహాయుద్ధమున మరణించిన సర్వదేశీయులకై 'వరల్డ్ రెక్వియం' అను బృహత్కృతిని రచించెను. వేయిమందికి మించిన గాయకులును వాద్యకులును కలిసి దానిని 1923 మొదలు 1926 వరకు యుద్ధవిరమణ దినోత్సవమున లండనులో వినిపించిరి. దాని సాహిత్యములో క్రైస్తవ వాక్యములతోపాటు మన కబీరునకును చోటు దొరకినది. అటుపిమ్మట అది మూలబడెను. ఎనుబది యేండ్లు గడచిన పిదప, 2007 నవంబరు 11వ తేదీన గాని రాయల్ ఆల్బర్ట్ హాలులో మరల వినబడలేదు.

ఇట్టివానికి మన సంగీతమును తెలిపినది ఒక స్త్రీ. మాడ్ మెకార్థీ ఐర్లండులో పుట్టిన వయొలిన్ విద్వాంసురాలు. 1907 ప్రాంతమున అనీబిసెంటుతో ఈ దేశమునకు వచ్చి, మన సంగీతమును శ్రద్ధతో అభ్యసించి, తిరిగి పోయిన పిమ్మట లండను విద్వాంసుల యెదుట మన శ్రుతులను తానే పాడి చూపుచు ఉపన్యసించినది. 1915లో ఫౌల్డ్స్ ఆమెను కలిసికొనెను. తరువాత ఆమె ఆయనకు భార్యయు, ఒక విధముగా గురువును అయినది. వేంకటమఖి గణించిన డెబ్బదిరెండు మేళకర్తల సంగతి తెలిసిన పిదప ఫౌల్డ్స్ వానిని ఆకర్షణకై అద్దుకొను రంగులుగా చూడలేదు. ఒక్కొక్క మేళమును నియమముగా స్వీకరించి, ఆ ఏడు స్వరములను దాటకుండ రచన చేయుటకు పూనుకొనెను. పియానోకై ఆయన వ్రాసిన 'ఎస్సేస్ ఇన్ ది మోడ్స్' అట్టి సాధనయొక్క ఫలము.

1919లో 'అవతార' అను సంగీతరూపకమును మొదలుపెట్టి, కొంతకాలమునకు విడిచిపెట్టెను. దాని మూడు అంకములకు వ్రాసిన మూడు ప్రస్తావనలను మాత్రము నిలుపుకొని, 1930 నాటికి పూర్తిచేసెను. అవియే 'త్రీ మంత్రాస్'. మొదటిది క్రియామంత్రము, రెండవది ఆనందమంత్రము, మూడవది సంకల్పమంత్రము. మూడును కలిసి అరగంటకు లోపుగనే ముగియును. పేరునకు సింఫొనీ కాకపోయినను, విస్తారమునందును కట్టునందును దానికి తీసిపోవు.

మొదటి దానిలో నన్ను బెదరించిన పెనుగాలి నాలుగవసారి వినునప్పటికి గాలిగా లేదు. బూరలు ఒక మాట అనుచున్నవి, వయొలినులు దానిని అందుకొని వేరొక త్రోవను పట్టుచున్నవి, క్రింద చెల్లోలు తమ పని తాము చేసికొనుచున్నవి. సగము కొండ దొరకినది. రెండవ మంత్రమున స్త్రీల కంఠములు మాట లేకుండ, అక్షరము లేకుండ, దూరమునుండి వచ్చును. ఏటి ఆవలి ఒడ్డున ఎవరో పాడుచుండగా మాటలు నీటిలో పడిపోయి స్వరము మాత్రము ఈ ఒడ్డునకు చేరినట్లు నాకు తోచినది. మూడవది కఠినము. ఒకే దరువు మీదమీదకు వచ్చుచు, తప్పుకొమ్మని చెప్పుచు, ఎక్కడను కరుణింపక సాగును.

ఈ మూడవ మంత్రమే నన్ను అటకమీదికి ఎక్కించినది. అది మొదటినుండి తుదివరకు ఏడు స్వరముల మేళముపైననే నడచునని చదివి, నిజమో కాదో నా చెవితో చూచుకొనవలె ననిపించెను. మా యింట ఇప్పుడున్న వాద్యము ఒక్కటే, మా మేనత్తగారి చేతి హార్మణీ. దానిని దింపి, దుమ్ము తుడిచి, తిత్తి ఊదగా, చిల్లులనుండి గాలి పోవుచున్నను రీడులు పలికినవి. ఒక చెవిలో ఫౌల్డ్స్, రెండవ చెవికి హార్మణీ. ఒక్కొక్క మెట్టును నొక్కి చూచి, కలిసిన దానిపై పసుపుబొట్టు పెట్టుచు వచ్చితిని. ఏడు బొట్లు పడినవి. ఎనిమిదవ దాని అవసరము కలుగలేదు. అర్ధరాత్రివేళ ఆ ఏడు పసుపుబొట్లను చూచి నాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. మన మేళము మాంచెస్టరు మనిషి చేతిలోనుండి తిరిగి మా యింటికి వచ్చినట్లయినది.

ఆ పెట్టె చరిత్రను ఇచ్చట చెప్పవలసి యున్నది. మా మేనత్తగారికి పదకొండవ యేట వివాహము, పదమూడవ యేట వైధవ్యము. శారదా చట్టము 1930లో అమలునకు వచ్చుటకు మునుపటి మాట. కందుకూరి వీరేశలింగముగారు 1881లో మొదటి వితంతువివాహము చేయించిన రాజమహేంద్రవరము మా యూరికి ఇరువది కిలోమీటర్ల దూరమే. అయినను ఆ వెలుగు మా గుమ్మము దాటి లోపలికి రాలేదు. ఆమెకు మంచి గొంతు ఉండెను. వీణ నేర్పుమని మా తండ్రి ఒక ఉపాధ్యాయుని అడుగగా, విధవకు పాఠము చెప్పిన తనకు వేరొక ఇంట పాఠము దొరకదని ఆయన చెప్పెను. ఆ కాలముననే ఒక నాటకసమాజము చెదరిపోయి సామాను అమ్ముచుండగా, మా తండ్రి ఈ హార్మణీని కొని తెచ్చెను. దానితో వచ్చిన ముసలి హార్మనిస్టు పది దినములు అరుగుమీద కూర్చుండి నాటకపద్యములు వాయించెను. ఆమె తలుపు సందునుండి అతని వ్రేళ్ళను చూచి నేర్చుకొనినది. గురువు లేడు, దక్షిణ లేదు. మా నాయనమ్మ వీధి తలుపు వేసి, "ఊళ్ళోవాళ్ళు వింటారే, మెల్లిగా!" అనుచుండెడిది. మెల్లగా పలుకుటయు, పని తీరగానే మూత వేసి మంచము క్రిందికి తోయుటకు వీలగుటయు ఆ పెట్టెకుగల గుణములు.

నా చిన్ననాట పంచాయితీ రేడియోలో పద్యములు వచ్చుచుండగా ఆమె మా యరుగు చివర చీకటిలో కూర్చుండి వినెడిది. ఒకనాడు నన్ను పిలిచి, "ఒరేయ్, ఇంత బాగా పాడుతున్నాడు, వెనకాల మన పెట్టె ఏదిరా?" అని అడిగినది.

"రేడియోలో హార్మణీ వాయించకూడదట అత్తయ్యా."

"ఎందుకటా?"

"అది శుద్ధమైన సంగీతానికి పనికిరాదట."

ఆమె కొంచెము సేపు ఊరకుండి, "అయితే అదీ నాలాంటిదేనన్నమాట" అని లోపలికి పోయినది.

పసుపుబొట్లు పెట్టిన మరునాడు ఫౌల్డ్స్ జీవితచరిత్రలో మిగిలిన భాగమును చదువుచు నేను ఆగిపోతిని. ఆయన 1935లో ఇండియాకు వచ్చి, ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతశాఖకు అధికారియై, మన వాద్యకులకు స్వరలిపి నేర్పి, సితారు మొదలగు వాద్యములతో ఒక బృందమును ఏర్పరచెను. 1938లో రేడియోవారి 'ది ఇండియన్ లిజనర్' పత్రికలో హార్మోనియమును ఖండించుచు వ్యాసము వ్రాసెను. ఆ వాదము బలపడినది. 1940 జనవరిలో రవీంద్రనాథ ఠాకూరును కలకత్తా కేంద్రమునకు హార్మోనియమునకు ప్రతికూలముగా లేఖ వ్రాసెను. ఆ సంవత్సరము మార్చి 1వ తేదీనుండి లయొనెల్ ఫీల్డెన్ ఏలుబడిలోని ఆలిండియా రేడియో ఆ వాద్యమును నిషేధించెను. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. మా మేనత్తగారి ప్రశ్నకు సమాధానమునకు మూలము నేను రాత్రింబవళ్ళు వినుచున్న ఈ మనిషి వ్రాతలో ఉన్నది!

వారము దినములు ఆ సంగీతము జోలికి పోలేదు. పిమ్మట న్యాయముగా ఆలోచింప యత్నించితిని.

హార్మోనియముపై మోపిన దోషము అబద్ధము కాదు. స్థాయిని పండ్రెండు సమభాగములుగా కోసి, రీడులుగా బిగించి పెట్టిన పెట్టె అది. ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు జారుట దానికి రాదు. జారుట లేనిచో గమకము లేదు, గమకము లేనిచో తోడి తోడి కాదు. పరదేశపుదగుట అసలే నేరము కాదు. వయొలినును మన వీథులకు తెచ్చినవారు బాలుస్వామి దీక్షితులు మొదలగు పెద్దలు; అది విజయనగరమున ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో ఏమయినదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. వ్రేలు జారుటకు చోటున్నది గనుక వయొలిన్ మనదైనది. ఇంతవరకు ఫౌల్డ్స్ మాట సత్యమే. కాని మేళకర్తలను ఆయన వ్రాసినది దేనిపైన? పియానోపైన. దానికి మాత్రము గమకము వచ్చునా? బిగించిన స్వరములతో తాను మన మేళములను ప్రేమించి, ఆ బిగింపుచేతనే వేరొక పెట్టె తగదనెను. నేను హార్మణీపై కనుగొన్న ఏడు బొట్లును, ఆయన పియానోపై కట్టిన మేళములును ఒక్క తీరువే. అవి మేళములు మాత్రమే, రాగములు కావు. అయినను రెండును ప్రేమయే.

వాద్యము ఎట్లు పలుకును అని ఆయన అడిగెను. ఎవరికి అందును అని అడుగలేదు. మంచివారు చేయు పొరపాటు తరచుగా ఇట్టిదే. మన సంస్కర్తలు మాత్రము వేరుగా చేసిరా? భోగముమేళములను మాన్పింపవలెనని మన జిల్లాలోనే వారు చేసిన ప్రయత్నము స్త్రీల మేలుకోరియే. అయినను ఆ ఉద్యమపు వేడిమిలో సంగీతమెరిగిన స్త్రీయే అనుమానింపదగినదను భావము ఎన్ని ఇండ్లలో పాతుకొనినదో! శుద్ధి యను పేర తలుపు మూయునప్పుడు లోపల ఎవరు మిగిలిపోయిరో చూచి మూయవలెను. శ్రుతిని గూర్చిన తీర్పు విద్వాంసుని విమర్శగా నుండదగినది. దానిని శాసనముగా మార్చిన పిదప అది మా మేనత్తవంటివారి మీద పడును.

ఫౌల్డ్స్ ఆ శాసనమును చూడలేదు. 1939లో కలకత్తాకు మారిన కొలదిదినములకే కలరా సోకి, ఏప్రిలు 25వ తేదీన మరణించెను. ఈ దేశమున ఉండగా తూర్పుపడమరల వాద్యములను కలిపి 'సింఫొనీ ఆఫ్ ఈస్ట్ అండ్ వెస్ట్' అను కృతిని రచించెను. నాకు అన్నిటికంటె వినవలెనని ఉన్నది ఆ సింఫొనీయే. అది నేడు లేదు. కాగితములు కనబడకుండ పోయినవి. ఆయన ఇతర వ్రాతప్రతులును కొన్ని ఎలుకలకును చీమలకును ఆహారమైనవి. మిగిలినవానిని ఆయన సంతానము భద్రపరచగా, మాల్కం మెక్‌డొనాల్డ్ అను విమర్శకుడు 1970 ప్రాంతము మొదలు వెదకి, చదివి, లోకమునకు చూపెను. అందువలననే మంత్రములు మా యరుగువరకు రాగలిగినవి.

మా మేనత్తగారు 1979లో కాలము చేసిరి. ఆమె తాను నేర్చిన పద్యముల వరుసలను సరిగమలుగా వ్రాసికొనిన నోటుపుస్తకము అటకమీద చెదలు తినగా అట్టలు మాత్రము మిగిలినవి. ఆమె వాయించగా ఎవరును పట్టి ఉంచలేదు. ఒకరి సింఫొనీని, ఒకరి పద్యములను నేను ఇక వినలేను.

కావున పాఠకులకు నా మనవి రెండు మాటలు. తెలియని సంగీతము చెవిని పడినప్పుడు రెండు నిమిషములకే దానిని త్రోసివేయకుడు. సగము కొండ ఎక్కువరకు ఓర్చుకొనుడు. ఫౌల్డ్స్ మంత్రములు నేడు ఎవరైనను ఇంట కూర్చుండి వినవచ్చును. రెండవది, మీ యింట వృద్ధస్త్రీ ఎవరైన పాటనో పద్యమునో ఎరిగి యున్నచో నేడే కూర్చుండబెట్టి పాడించి పట్టి ఉంచుడు. అది శాస్త్రశుద్ధమా కాదా యను విచారణ తరువాత చేసికొనవచ్చును.

హార్మణీని నేను మరల అటకమీద పెట్టలేదు. తిత్తి బాగుచేయించితిని. వేసవి సెలవులకు వచ్చినప్పుడు మనుమరాలు దాని ముందు కూర్చుండి, "తాతయ్యా, ఈ పసుపుబొట్లేమిటి?" అని అడిగినది. తుడిచివేయబోగా చేయి పట్టుకొని, "ఉండనీ. ముందు అవి వాయించు" అంటిని. వీధి తలుపు తెరచియే యున్నది.